చెవికి అందే లెక్క, వేలికి తగిలే గీత

వంటింట్లో గ్యాస్ లీకైతే అన్నిటికంటే ముందు ముక్కుకి తెలుస్తుంది. "ఏదో వాసన వస్తోంది, రెగ్యులేటర్ కట్టేయండి" అని ఎవరో ఒకరు కేకేస్తారు. నిజానికి ఆ వాసన గ్యాస్‌ది కాదండీ. సిలిండర్‌లో ఉండే ప్రొపేన్‌కీ బ్యూటేన్‌కీ చెప్పుకోదగ్గ వాసనంటూ లేదు. కుళ్ళిన క్యాబేజీలా వచ్చే ఆ కంపు ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనానిది. మనకి తెలియాలనే పనిగట్టుకుని కలుపుతారు. అదీ ఎంత? గాలిలో గ్యాస్ అంటుకునే మోతాదుకి చేరకముందే, అందులో ఐదో వంతు ఉండగానే, మామూలు మనిషి ముక్కు పసిగట్టేంత.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊళ్ళో, ఒక బడి నేల కింద సహజవాయువు లీకై పేరుకుపోయింది. రంగు లేదు, వాసన లేదు. ఎవరికీ తెలియలేదు. ఇంకాసేపట్లో బడి వదిలేస్తారనగా నిప్పురవ్వ రేగి భవనం పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలిపి తీరాలని అక్కడ చట్టం చేశారు.

గాలిలో గ్యాస్ ఎంత శాతం ఉందన్నది ఒక అంకె. ఆ అంకెని మీటరు మీద చూపించవచ్చు. కానీ పప్పుకి తిరగమోత పెడుతున్న మనిషి మీటరు చూస్తూ నిలబడలేదు కదా! అందుకని ఆ అంకెని వాసనగా మార్చి, మనం చూసినా చూడకపోయినా మన దగ్గరికే వచ్చేలా చేశారు. ఇవాళ మీతో చెప్పుకోవాలనుకున్న కబుర్లు ఇలాంటి అంకెల గురించే. కంటికి కనబడకుండా చెవికి వినబడేవి, వేలికి తగిలేవి, ముక్కుకి తెలిసేవి.

లెక్కలు, గణాంకాలు అనగానే మనకి కాగితమూ తెరా గుర్తుకొస్తాయి. ఎన్నికల ఫలితాలైనా, బంగారం ధరైనా, వాన లెక్కైనా ఒక గీత పైకెక్కి కిందికి దిగుతుంది, లేకపోతే రంగురంగుల స్తంభాలు నిలబడతాయి. ఇదొక్కటే పద్ధతి అన్నంతగా అలవాటైపోయింది. చూపు లేనివాళ్ళ కోసం వేరే ఏదో చేస్తారట, అదొక సేవట, అని మనం అనుకుంటాం. నా మాట వేరు. కొన్ని సంగతులు చెవికే బాగా తెలుస్తాయి, కొన్ని వేలికే తెలుస్తాయి. చూపున్నవాళ్ళకి కూడా.

అరిసెల పాకం పట్టేటప్పుడు మా అమ్మమ్మ థర్మామీటరు పెట్టేది కాదు. బెల్లం పాకం ఒక చుక్క తీసి చన్నీళ్ళ గిన్నెలో వేసి రెండు వేళ్ళతో దగ్గరికి తీసేది. మెత్తగా ఉండ కడితే అరిసెలకి సరి. వేళ్ళ మధ్య తీగలా సాగి ఆగితే ఇంకా లేత. వేరుశనగ అచ్చుకైతే పాకం ముదరాలి, అప్పుడు ఆ ఉండని పళ్ళేనికేసి కొడితే ఠంగుమని మోగాలి. బెల్లం పాకంలో నీరు ఎంత ఇంకిపోయింది, వేడి ఎన్ని డిగ్రీలకు చేరింది అన్న లెక్కే అది. ముందు వేళ్ళు చెబుతాయి, తర్వాత చెవి చెబుతుంది. పాకం రంగు చూసి మాత్రం ఆ తేడా పట్టడం చెయ్యి తిరిగినవాళ్ళకీ కష్టమే.

వైద్యుల చరిత్రలో ఇలాంటిదే ఒక ముచ్చట ఉంది. ఆస్ట్రియాలో లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ అని ఒక డాక్టరు. వాళ్ళ నాన్న గ్రాజ్ పట్టణంలో పూటకూళ్ళ ఇల్లు నడిపేవాడు. పీపాలో ద్రాక్షసారా ఎంత మట్టానికి ఉందో తెలియడానికి పైనుంచి కిందికి వేళ్ళతో తట్టి చూస్తారు. ఖాళీ ఉన్నచోట డొల్లగా, సారా ఉన్నచోట మొద్దుగా వినిపిస్తుంది. ఈ పిల్లవాడు పెద్దయ్యాక రోగుల ఛాతీ మీద అదే పని చేశాడు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే ఎక్కడిదాకా చేరిందో తట్టి చెప్పాడు. 1761లో దాని మీద చిన్న పుస్తకం రాశాడు. ఎక్స్‌రే అప్పటికి ఇంకా నూట ముప్ఫై ఏళ్ళ దూరంలో ఉంది. తర్వాత 1816లో పారిస్‌లో రెనే లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక రోగి గుండె మీద పెట్టి విన్నాడు. ఇవాళ మన డాక్టర్ల మెడలో వేలాడే స్టెతస్కోపు అక్కణ్ణుంచి వచ్చిందే. స్కానింగ్ యంత్రాలు ఎన్ని వచ్చినా డాక్టరు తట్టి, విని చూడటం మానలేదు.

ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళి వచ్చినవాళ్ళకి అక్కడి బీప్, బీప్ శబ్దం గుర్తుండే ఉంటుంది. అది పల్స్ ఆక్సీమీటర్‌ది. కోవిడ్ రోజుల్లో మనందరి ఇళ్ళలోకీ వచ్చిన పరికరమే. వేలికి తగిలించుకుని 94 కంటే పైన ఉందా లేదా అని గుండె చేత్తో పట్టుకుని చూసుకున్నాం. వేలి గుండా ఎరుపు కాంతినీ, కంటికి కనబడని పరారుణ కాంతినీ పంపిస్తే, ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఒక రకంగా, పట్టుకోనిది ఇంకో రకంగా వాటిని పీల్చుకుంటాయి. నాడి కొట్టుకున్నప్పుడల్లా వచ్చే తేడానిబట్టి రక్తంలో ఆక్సిజన్ లెక్క కట్టవచ్చని 1974లో చూపించినవాడు జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి. మనింట్లో దాని అంకెలు చూశాం. థియేటర్‌లో అనస్థీషియా డాక్టరు దాన్ని వింటాడు. ఎన్ని బీప్‌లు వస్తే గుండె అన్నిసార్లు కొట్టుకున్నట్టు. ఇక అసలు సంగతి ఆ బీప్ స్వరంలో ఉంది. ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ ఆ స్వరం మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. డాక్టరు రోగి గొంతులో గొట్టం వేస్తూ ఉంటాడు, కళ్ళు అక్కడి నుంచి తిప్పడానికి వీల్లేదు. స్వరం ఒక్క మెట్టు జారగానే ఆయన చెయ్యి ఆగుతుంది. "శాచురేషన్ పడిపోతోంది" అని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకే శబ్దంలో రెండు లెక్కలు, రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా! ఇంత చక్కటి ఆలోచన చేసినవాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

చెవికి ఉన్న బలం ఇక్కడే అర్థమవుతుంది. కంటిని మూసుకోవచ్చు, పక్కకి తిప్పవచ్చు. చెవికి రెప్పలు లేవు. వెనక నుంచి వచ్చినా, చీకట్లో వచ్చినా వినబడుతుంది. కాలంలో వచ్చే చిన్న తేడాల్ని పట్టడంలో కూడా చెవి కంటికంటే చురుకైనది. సెకనుకి 24 బొమ్మలు తిప్పితే కన్ను అది సాగిపోయే సినిమా అనుకుంటుంది. చెవి అలా మోసపోదు, సెకనులో కొన్ని వెయ్యోవంతుల ఖాళీ వచ్చినా పట్టుకుంటుంది. మృదంగం వాయించేవాళ్ళకీ వినేవాళ్ళకీ ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. తంతి ఆఫీసుల్లో జరిగిందీ ఇదే. మోర్స్ మొదట చేసిన యంత్రం చుక్కల్నీ గీతల్నీ కాగితం పట్టీ మీద గుర్తులుగా వేసేది. కొన్నాళ్ళకి పనివాళ్ళు పట్టీ చూడటం మానేశారు. యంత్రం కొట్టుకునే చప్పుడు విని నేరుగా మాటలు రాసుకోవడం మొదలుపెట్టారు. అది వేగంగా ఉంది. చివరికి కంపెనీలే కాగితం తీసేసి, శబ్దం చేసే పరికరాన్ని మాత్రం ఉంచాయి.

సరే, ఇప్పుడు మీరూ నేనూ కలిసి ఒక గ్రాఫుని వినిపించి చూద్దామా? వాన లెక్క తీసుకుందాం. ఎడమ నుంచి కుడికి పన్నెండు నెలలు. కాగితం మీద ఎత్తు ఎంతో, గొంతులో స్వరం అంత. వాన లేకపోతే కింది సా. బాగా కురిస్తే పై సా. నెలకొక్క స్వరం, అంతే.

ముందు ఆదిలాబాద్. జనవరి నుంచి మే దాకా సా, సా, సా అంటూ కింద కూర్చోండి. జూన్‌కి పా దాకా ఎక్కండి. జులై, ఆగస్టు రెండూ పై సా. సెప్టెంబరుకి మళ్ళీ పా. అక్టోబరు రి. ఆ తర్వాత సా దగ్గరికి వచ్చి ఆగిపోండి. నైరుతి రుతుపవనం పాట ఇది. మధ్యలో గోపురంలా లేస్తుంది.

ఇప్పుడు నెల్లూరు. ఏప్రిల్ దాటినా సా, సా. జూన్, జులై నెలల్లో పైన ఆదిలాబాద్ గొంతెత్తి పాడుతుంటే ఇక్కడ రి దగ్గరే ఉంటారు. ఆగస్టు, సెప్టెంబరు గా దాకా. అక్టోబరులో ఒక్కసారి ని స్వరం మీదికి ఎక్కుతారు, నవంబరులో పై సా, డిసెంబరుకి గా. ఈశాన్య రుతుపవనం, దానితో వచ్చే బంగాళాఖాతం వాయుగుండాలు, అన్నీ ఆ చివరి మూడు స్వరాల్లో ఉన్నాయి. ఇక అనంతపురం ఉంది. ఏడాది పొడుగునా కింది స్వరాల్లోనే నడుస్తుంది. సెప్టెంబరు దగ్గర కాస్త పైకి లేచినట్టే లేచి దిగిపోతుంది. సీమ రైతు ఏటా పడే బెంగ ఆ చిన్న లేవడంలోనే ఉంది.

స్వరాలు నేను ఉజ్జాయింపుగా చెప్పాను, మిల్లీమీటర్లకు సరిగ్గా లెక్కకట్టినవి కావు. కానీ మూడు ఊళ్ళ పాటలు ఒకసారి పాడుకున్నాక ఏది ఏ ఊరిదో మీరు మర్చిపోతారా? నాకైతే గ్రాఫు చూసినప్పటికంటే ఇలా పాడుకున్నప్పుడే నెల్లూరు వాన తీరు మనసుకెక్కింది.

ఈ పనికి ప్రపంచంలో ఒక శాస్త్రమే ఉంది. దత్తాంశాల్ని శబ్దంగా మార్చే ఈ విద్యని సోనిఫికేషన్ అంటారు. దీని మీద పనిచేసేవాళ్ళు 1992లో అమెరికాలోని శాంటా ఫేలో మొదటిసారి సమావేశమయ్యారు. అప్పట్నుంచీ ఒక పరిశోధక వర్గంగా నడుస్తున్నారు. వాళ్ళు పట్టించుకునే చిక్కులు మన సంగీతం తెలిసినవాళ్ళకి సులువుగా అర్థమవుతాయి. ఉదాహరణకి, ఒక్క స్వరం వినిపించి ఇది ఎంత అని అడిగితే చాలామంది చెప్పలేరు. దేనితో పోల్చి ఎంత? కచేరీలో తంబురా శ్రుతి వెనకాల నడుస్తూ ఉంటేనే గాయకుడు ఎక్కడున్నాడో మనకి తెలుస్తుంది. గ్రాఫులో కింద గీసే అడ్డగీత చేసే పని అదే. అందుకని మంచి సోనిఫికేషన్‌లో ఒక ఆధార స్వరం ఉంటుంది, నెలలు గడుస్తున్నట్టు తెలియడానికి చిన్న టిక్కు శబ్దాలుంటాయి.

ఇంకో చిక్కు, ఎక్కువైతే స్వరం పైకి వెళ్ళాలా, కిందికా? ఉష్ణోగ్రత పెరిగితే పైకి వెళ్ళడం సబబే. బరువు పెరిగితే? పెద్ద గుండిగని కొడితే బొంగురుగా మోగుతుంది, చిన్న గిన్నె సన్నగా మోగుతుంది. బరువు పెరిగే కొద్దీ స్వరం సన్నబడితే చెవికి ఎదురు తిరిగినట్టుంటుంది. ఇవన్నీ వినేవాళ్ళని అడిగి తేల్చుకోవలసినవి, గదిలో కూర్చుని ఊహించి పెట్టేవి కావు.

మూడోది నా సొంత అభిప్రాయం. అంకెల్ని అందమైన పాటగా మార్చాలనే తొందర మంచిది కాదు. 2013లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేనియల్ క్రాఫర్డ్ అనే విద్యార్థి, 1880 నుంచి భూమి సగటు ఉష్ణోగ్రత ఏటేటా ఎలా మారిందో చెల్లో మీద వాయించాడు. వేడెక్కిన కొద్దీ స్వరం ఎక్కుతుంది. వింటుంటే కాళ్ళ కింద నేల కదిలినట్టుంటుంది. అది నిజాయితీగా చేసిన పని, ఎందుకంటే అక్కడ ఎక్కడం అంకెల్లోనే ఉంది. అలా కాకుండా ఏ లెక్కనైనా తీసుకెళ్ళి శివరంజని స్వరాల్లో కూర్చోబెడితే విషాదంగానే వినిపిస్తుంది. అప్పుడు ఏడిపించింది రాగం, లెక్క కాదు. గీసే గ్రాఫులో కొలతలు మార్చి మోసం చేసినట్టే ఇదీ. వినిపించేవాళ్ళకి ఆ బాధ్యత ఉండాలి.

ఇక వాండా దియాస్ మెర్సెద్ గురించి చెప్పకుండా ఈ కబుర్లు ముందుకు సాగవు. ప్యూర్టోరికో దీవిలో పుట్టిన అమ్మాయి. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ మంచాన్నే అంతరిక్ష నౌక అనుకుని ఆడుకునేవాళ్ళట. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదువుతుండగా మధుమేహం వల్ల చూపు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. నక్షత్రాల చదువు అంటే అన్నీ గ్రాఫులే, బొమ్మలే. అక్కడితో అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు. ఆ సమయంలో ఒక స్నేహితుడు రేడియో టెలిస్కోపు పట్టిన సంకేతాల్ని శబ్దంగా వినిపించాడు. ఆ గరగరలో తనకి లెక్క వినబడింది! అక్కణ్ణుంచి నాసా గొడ్డార్డ్ కేంద్రానికి వెళ్ళి, అంతరిక్ష దత్తాంశాల్ని శబ్దంగా మార్చే సాఫ్ట్‌వేర్ పనిలో చేరింది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది.

ఆ పరిశోధనలో తేలింది వినండి. చూపున్న ఖగోళ శాస్త్రవేత్తల్నే కూర్చోబెట్టి, రొదలో దాగిన బలహీనమైన సంకేతం ఎక్కడుందో పట్టమన్నారు. బొమ్మ ఒక్కటే చూసినప్పటికంటే, బొమ్మతో పాటు శబ్దమూ విన్నప్పుడు వాళ్ళు మెరుగ్గా పట్టారు. అంటే ఒక అంధ శాస్త్రవేత్త తన కోసం వేసుకున్న దారి, చూపున్నవాళ్ళకీ దగ్గర దారి అయింది. 2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు హార్వర్డ్‌కి చెందిన ఖగోళ శాస్త్రవేత్తలు, ఆమె తోడ్పాటుతో, లైట్‌సౌండ్ అనే చిన్న పెట్టె తయారుచేశారు. వెలుగు ఎంతుంటే స్వరం అంత. సూర్యుడు కనుమరుగవుతుంటే స్వరం దిగుతూ దిగుతూ మెల్లని టక్కుటక్కులకి చేరుతుంది. చూపులేనివాళ్ళు అందరితో పాటు మైదానంలో నిలబడి గ్రహణాన్ని విన్నారు.

ఆకాశం ఇలా చెవికి అందిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. 1977లో బయల్దేరిన వోయేజర్ 1 సూర్యుడి ప్రభావ వలయం దాటిందా లేదా అని శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. 2013లో దాని పరికరం పట్టిన ప్లాస్మా కంపనాల్ని వినిపిస్తే స్వరం క్రమంగా పైకి లేస్తోంది. చుట్టూ ప్లాస్మా చిక్కబడుతోందని అర్థం. నక్షత్రాల మధ్య ప్రదేశంలోకి 2012 ఆగస్టులోనే అడుగుపెట్టిందని దాంతో లెక్క తేలింది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు పట్టిన గురుత్వ తరంగాన్నీ జనం చెవితోనే గుర్తుపెట్టుకున్నారు. రెండు కృష్ణబిలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ చేసిన ఆ సంకేతం సెకనులో ఐదో వంతు ఉంటుంది. బొంగురుగా మొదలై సన్నగా పైకి లేచి ఠక్కున ఆగుతుంది. పిట్ట కూసినట్టుంటుంది. ఆ తరంగాల పౌనఃపున్యం మన చెవి వినే పరిధిలోనే ఉండటం మన అదృష్టం. అలాంటి పరికరమే మన తెలంగాణకి పొరుగున, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో కట్టడానికి 2023లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

చెవి గురించి చాలా చెప్పాను. ఇప్పుడు మీ జేబులోంచి 500 రూపాయల నోటు తీసి, కళ్ళు మూసుకుని, రెండు అంచుల మీదా బొటనవేలు నడిపించండి. వాలుగా ఐదు ఉబ్బెత్తు గీతలు తగులుతాయి. 100 నోటుకి నాలుగు. 200 నోటుకి నాలుగు గీతల మధ్య రెండు చిన్న వలయాలు. ఇవి కాక 500 మీద ఉబ్బెత్తు వృత్తం, 100 మీద త్రిభుజం ఉంటాయి. ఇన్నాళ్ళూ మన చేతుల్లో ఉన్నదే, ఎంతమందిమి గమనించాం? కొత్త నోటు మీద ఈ గుర్తులు బాగా తగులుతాయి. నలిగి నలిగి చేతులు మారాక అరిగిపోతాయి. అందుకే 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు మణి అనే యాప్ తెచ్చింది, ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో పైకి చెబుతుంది. ఇలాంటి భాషే కాళ్ళకీ ఉంది. మెట్రో స్టేషన్‌లో నేల మీద పసుపుపచ్చ పలకలు చూశారు కదా? పొడుగు పట్టీలుంటే ఆ వైపు నడవమని, బొడిపెలుంటే ఆగమని. వీటిని జపాన్‌లో సెయిచి మియాకే రూపొందించాడు, 1967లో ఒకయామా పట్టణంలో మొదట పరిచారు. మన ఫుట్‌పాత్‌ల మీద వాటి మీదే బళ్ళు నిలుపుతుంటారు. ఎవరో చదువుకుంటున్న పుటని మూసేసినట్టే అది. దయచేసి అలా చేయకండి.

వేలితో గ్రాఫు చదవడం మాత్రం నోటు చదివినంత తేలిక కాదు. కన్ను మొత్తం బొమ్మని ఒక్కసారి చూసి, తర్వాత వివరాల్లోకి వెళుతుంది. వేలికి ముందు వివరాలే దొరుకుతాయి, వాటిని కూడబెట్టుకుని మొత్తాన్ని మనసులో కట్టుకోవాలి. రెండు మిల్లీమీటర్లకంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు వేలికొసకి ఒకటిగానే తగులుతాయి. అందుకని పుస్తకంలో ఉన్న బొమ్మని ఉన్నదున్నట్టు ఉబ్బెత్తుగా ముద్రిస్తే అది గజిబిజి తప్ప ఇంకేమీ కాదు. గళ్ళ గీతలు తీసేయాలి, అలంకారాలు తీసేయాలి, ముఖ్యమైన గీతని లావుగా, మిగతావాటిని చుక్కలుగా ఉంచాలి. ఈ పని తెలిసి చేసేవాళ్ళు మన దేశంలో ఉన్నారు. ఐఐటీ ఢిల్లీ బృందం స్పర్శకు అందే బొమ్మలతో పాఠ్యపుస్తకాలు తయారుచేస్తోంది. కావలసినన్ని మాత్రం ఇంకా లేవు.

వేలికి తెలిసేది తక్కువ రకం జ్ఞానమని ఎవరైనా అంటే వాళ్ళకి హేరత్ వెర్మేయ్ సంగతి చెప్పండి. నెదర్లాండ్స్‌లో 1946లో పుట్టాడు. నాలుగేళ్ళు నిండకముందే చూపు పోయింది. అమెరికా వెళ్ళాక, నాలుగో తరగతి టీచరు ఫ్లోరిడా నుంచి తెచ్చిన గవ్వల్నీ గుల్లల్నీ తరగతి కిటికీ గట్టు మీద పేర్చారు. ఆ పిల్లవాడు వాటిని తడిమి చూసి, ఆ నునుపుకీ ఆ గాళ్ళకీ మనసు పారేసుకున్నాడు. యేల్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదవడానికి వెళితే ఆచార్యుడికి అనుమానం. మ్యూజియంలోకి తీసుకెళ్ళి ఒక గుల్ల చేతిలో పెట్టాడు. తడిమి, పేరు చెప్పాడు. ఇంకొకటి పెట్టాడు. అదీ చెప్పాడు. సీటు వచ్చింది. తర్వాత ఆయన ప్రపంచమంతా తిరిగి గుల్లల్ని వేళ్ళతో చదివాడు. గుల్ల అంచుల మీద విరిగి మళ్ళీ అతుక్కున్న మచ్చలు, మందమైన పెదవి, ఇరుకైన నోరు, ఇవన్నీ పీతలు పగలగొట్టబోయిన దాడులకి గుర్తులని, కోట్ల ఏళ్ళుగా వేటాడే జీవికీ వేటకీ మధ్య పోటీ అలా నడిచిందని చూపించాడు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అందరూ రంగూ ఆకారమూ చూసి పక్కన పెట్టిన గుల్ల మీద ఆయన వేళ్ళు అంత చరిత్ర చదివాయి.

మన దగ్గర బొల్లా శ్రీకాంత్ కథ మీకు తెలిసే ఉంటుంది. 2024లో సినిమా కూడా వచ్చింది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టాడు, పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసై ఇంటర్‌లో సైన్సు తీసుకుంటానంటే కుదరదన్నారు. చెప్పిన కారణం ఏమిటో గమనించండి. సైన్సులో, లెక్కల్లో బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి, అంధులు చదవలేరు. శ్రీకాంత్ ఒక టీచరు అండతో కోర్టుకి వెళ్ళాడు. ఆరు నెలలకి తీర్పు అనుకూలంగా వచ్చింది. చదివాడు, 98 శాతం తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీకి వెళ్ళాడు. తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకి ఉద్యోగాలిచ్చాడు.

ఆ కుర్రవాడి దారికి అడ్డం పడింది గ్రాఫు కాదు. గ్రాఫు అంటే చూసేది మాత్రమేనన్న మన ఆలోచన. అలా కోర్టు దాకా వెళ్ళలేక ఆర్ట్స్ గ్రూపుతో సరిపెట్టుకున్న పిల్లలు ఎంతమంది ఉండి ఉంటారో తలచుకుంటే నాకు కోపం వస్తుంది. వాళ్ళలో ఒక వెర్మేయ్ ఉన్నాడేమో, ఒక వాండా ఉందేమో!

అందుకని టీచర్లకీ, తల్లిదండ్రులకీ, ఆఫీసుల్లో రోజూ చార్టులు పంపించేవాళ్ళకీ ఒక విన్నపం. మీ తరగతిలో చూపు సరిగా లేని పిల్ల ఉంటే, గ్రాఫు వచ్చిన రోజున ఆ పాఠం దాటేయకండి. దళసరి అట్ట మీద అక్షాలకి పురికొస అంటించండి, గీతకి ఉన్ని దారం, బిందువులకి బొట్టుబిళ్ళలు. అరగంట పని. లేదా నేను పైన చెప్పినట్టు సరిగమల్లో పాడి వినిపించండి, పక్కనున్న పిల్లలు కూడా గొంతు కలుపుతారు. ఆఫీసులో చార్టుని బొమ్మగా పంపితే, తెర మీది రాతని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అది మూగబొమ్మ. కింద రెండు వాక్యాల్లో ఆ గీత ఏం చెబుతోందో రాయండి, అసలు అంకెల పట్టికని కూడా జతచేయండి. ఐఫోన్‌లో 2021 నుంచి గ్రాఫుల్ని స్వరాలుగా వినిపించే సదుపాయం ఉంది. యాప్‌లు తయారుచేసే మన కుర్రకారు దాన్ని వాడుకుంటే చాలు. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో కూర్చుని ప్రపంచానికంతా సాఫ్ట్‌వేర్ రాస్తున్న తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్నారు. మీరు చేసే తర్వాతి గ్రాఫుకి ఒక గొంతు ఇవ్వండి.